తీగలు కలిసే చోట
(స్మారకోపన్యాస పాఠం)



మాస్టారి పేరు మీద జరిగే సభలో మాట్లాడమని కబురు వచ్చినప్పుడు టెలిఫోన్ల గురించి తప్ప మరో విషయం ఎంచుకోవడానికి నాకు మనసొప్పలేదు. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. టెలిఫోన్ శాఖలో ఇంజనీరుగా చేరి అక్కడే రిటైరయ్యారు. ఎక్స్ఛేంజికి కొత్తగా వచ్చిన ప్రతి కుర్రాడికీ కూర్చోబెట్టి నేర్పేవారు కాబట్టి ఊరంతటికీ మాస్టారే అయ్యారు. ఆయన ఇంటి పక్కనే మేముండేవాళ్లం. నేను ఆర్థికశాస్త్రం చదువుకున్నదాన్ని. తీగల సంగతి నాకు తెలిసిందంతా సెలవుల్లో ఆయన వెంట ఎక్స్ఛేంజికి వెళ్లి నేర్చుకున్నదే.

అక్కడ ఒక గదిలో నిలువెత్తు ఇనుప చట్రం ఉండేది. ఎండీఎఫ్ అనేవారు. ఊళ్లో ప్రతి ఫోను నుంచీ ఒక జత రాగి తీగలు భూమిలో నుంచి వచ్చి ఆ చట్రానికి ఒకవైపు చేరేవి. రెండోవైపు ఎక్స్ఛేంజి యంత్రం. రెండింటినీ కలుపుతూ జంపర్ తీగలు. ఏ జత ఏ ఇంటిదో ఒక పెద్ద రిజిస్టరులో పెన్సిలుతో రాసి ఉండేది. ఇల్లు మారితే చెరిపి మళ్లీ రాయాలి, అందుకని పెన్సిలు. ఫోను మూగపోయిందని ఫిర్యాదు వస్తే ముందు జాయింటు చూడమనేవారు మాస్టారు. తీగ మధ్యలో తెగడం అరుదనీ, రెండు తీగలు కలిసే చోటే తడి చేరుతుందనీ, తుప్పు పడుతుందనీ ఆయన లైన్‌మన్లకు చెబుతుంటే ఎన్నోసార్లు విన్నాను.

తర్వాత చాలా ఏళ్లు టెలికం విధానాల కాగితాలు చదివాను. ఆ కాగితాల్లోనూ చూడవలసింది జాయింటేనని నాకు క్రమంగా అర్థమైంది. ఊళ్లో ఎన్ని కంపెనీల బోర్డులున్నాయో లెక్కపెట్టి పోటీ ఉందనుకుంటాం. ఒక కంపెనీ నెట్‌వర్క్ ఇంకో కంపెనీ నెట్‌వర్క్‌తో ఏ షరతుల మీద కలుస్తోందో చూస్తేనే పోటీ ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది.

మాస్టారి ఎక్స్ఛేంజిలో ఉన్నది స్ట్రౌజర్ యంత్రం. మీలో పెద్దవాళ్లకు ఆ టకటకల చప్పుడు గుర్తుండే ఉంటుంది. ఆల్మన్ స్ట్రౌజర్ అమెరికాలోని కాన్సాస్ సిటీలో అంత్యక్రియలు జరిపించే వృత్తిలో ఉండేవాడు. ఆ రోజుల్లో ప్రతి కాల్‌నూ ఎక్స్ఛేంజిలో ఒక మనిషి చేత్తో కలపాలి. ఆ ఊళ్లో అదే వృత్తిలో ఉన్న మరొకడి భార్య ఎక్స్ఛేంజిలో ఆపరేటరనీ, స్ట్రౌజర్‌కు రావలసిన కాల్స్ అటు మళ్లిస్తోందనీ అతను అనుమానించాడని చెబుతారు. ఆ మంటతోనే, మనిషి చెయ్యి పడకుండా తనంతట తాను కాల్ కలిపే యంత్రం తయారుచేశాడట. కథ మాటెలా ఉన్నా 1891లో పేటెంటు వచ్చింది, 1892లో ఇండియానా రాష్ట్రంలోని లా పోర్ట్‌లో మొదటి ఎక్స్ఛేంజి నడిచింది. ఆ యంత్రాన్నే మన దేశంలో దశాబ్దాల తరబడి వాడాం. కలిపే చోట కూర్చున్నవాడికి వ్యాపారంలో వాటా ఉంటే ఏమవుతుందన్న ప్రశ్న టెలిఫోన్ పుట్టిన తొలి రోజుల నుంచే ఉంది.

అదే దేశంలో అదే కాలం నాటి మరో సంగతి. బెల్ కంపెనీ మూల పేటెంట్లు 1893, 1894లో ముగిశాయి. వెంటనే ఊరూరా కొత్త టెలిఫోన్ కంపెనీలు వేల సంఖ్యలో లేచాయి. బెల్ కంపెనీ వాటిని తన లైన్లతో కలవనివ్వలేదు. చాలా ఊళ్లలో దుకాణదారు బల్ల మీద రెండు ఫోన్లు పెట్టుకోవలసి వచ్చింది. ఒకటి బెల్ ఖాతాదారుల కోసం, ఒకటి మిగతావాళ్ల కోసం. బెల్ కంపెనీకి మాతృసంస్థ అయిన ఏటీ అండ్ టీ చివరికి 1913లో ప్రభుత్వ ఒత్తిడికి తలొగ్గి, దూరప్రాంతపు లైన్లలోకి ఇతరులను రానిస్తామని రాసిచ్చింది. అయినా ఆ సంస్థ ఏకఛత్రాధిపత్యం పోలేదు. దాన్ని ముక్కలు చేయడానికి 1984 జనవరి 1 దాకా పట్టింది.

మన దగ్గర కథ వేరు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం తీగ వేసే హక్కు మొత్తం సర్కారు చేతిలో పెట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా అదే చట్టం. ఫోను కోసం దరఖాస్తు పెట్టి ఏళ్లు ఎదురుచూడటం, పక్కింటి నంబరు పీపీ అని శుభలేఖ మీద వేసుకోవడం, ట్రంక్ కాల్ బుక్ చేసి పోస్టాఫీసు బల్ల మీద కూర్చోవడం మా తరానికి మామూలే. ఎక్స్ఛేంజిలో కొత్త నంబర్లకు చోటు ఉండేది కాదు, చోటు పెంచడానికి డబ్బు వచ్చేది కాదు. ఇంటికొచ్చి అడిగిన ప్రతివాళ్లకూ ఆ మాట చెప్పలేక మాస్టారు నలిగిపోవడం నేను చూశాను.

1994లో జాతీయ టెలికం విధానం తలుపు తెరిచింది. 1995 జులై 31న కలకత్తాలో జ్యోతి బసు, ఢిల్లీలో కేంద్రమంత్రి సుఖ్‌రామ్ మొబైల్లో మాట్లాడుకున్నారు. కానీ తలుపు తెరిచిన తీరులోనే చిక్కు ఉంది. లైసెన్సు ఇచ్చేది టెలికం శాఖ. విధానం రాసేదీ అదే. ఫోన్లు నడిపి వ్యాపారం చేసేదీ అదే. కొత్తగా వచ్చిన కంపెనీ తన కాల్ కలపమని వెళ్లి అడగవలసింది ఆ శాఖనే. కబడ్డీలో ఒక జట్టు కెప్టెనే అంపైరు అయినట్టు. 1997లో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఏర్పడింది. లైసెన్సులిచ్చే ప్రభుత్వాన్ని నిలదీసే అధికారం దానికి ఎంత ఉందన్నది వెంటనే కోర్టుకు వెళ్లింది, ట్రాయ్ ఓడింది. 2000లో చట్టం సవరించి, తగాదాలు తీర్చే పని విడదీసి టీడీశాట్ అనే ట్రిబ్యునల్ పెట్టారు. ఆ ఏడాది అక్టోబరు 1న టెలికం శాఖ తన ఫోన్ల వ్యాపారాన్ని బీఎస్‌ఎన్‌ఎల్ అనే కంపెనీగా వేరు చేసింది. ఆలస్యంగానైనా ఆటగాణ్ణీ అంపైర్నీ విడదీసిన పని అది.

ఇక ఇన్‌కమింగ్ సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మొబైల్ వచ్చిన కొత్తల్లో నిమిషానికి 16 రూపాయల దాకా ఉండేది, ఎవరైనా మనకు ఫోను చేసినా మనమే కట్టాలి. అందుకే ఫోను మోగితే నంబరు చూసి కట్ చేసి, పక్కనున్న ఎస్‌టీడీ బూత్‌కు పరుగెత్తేవాళ్లం. 2003 మే 1 నుంచి ఇన్‌కమింగ్ ఉచితమైంది. చేసినవాడు కట్టాలి, చేసినవాడి కంపెనీ అందుకున్నవాడి కంపెనీకి నిమిషానికి ఇంత అని ఇవ్వాలి. ట్రాయ్ పెట్టిన ఈ లెక్కను ఐయూసీ అన్నారు. మేస్త్రీల జేబుల్లోకి, కూరగాయల బళ్ల మీదికి, కూలిపనికి వలస వెళ్లినవాళ్ల చేతుల్లోకి సెల్లు రావడానికి చవక హ్యాండ్‌సెట్‌తో పాటు ఈ నియమం కూడా ఒక ముఖ్య కారణమని నేను గట్టిగా నమ్ముతాను. ప్రీపెయిడ్‌లో పైసా లేకపోయినా అప్పట్లో ఫోను మోగేది. మిస్డ్ కాల్ అన్న మాట తెలుగు మాటగా మారింది అప్పుడే.

ఆ చెల్లింపు ఎంత ఉండాలన్నది బజారుకు వదిలేస్తే తేలదు. మీరు నాకు ఫోను చేయాలంటే నా కంపెనీ గుమ్మం తప్ప మరో దారి లేదు. నా కంపెనీకి దేశం మొత్తం మీద వెయ్యిమంది ఖాతాదారులే ఉన్నా, ఆ వెయ్యిమందిని చేరుకోవడానికి అదొక్కటే దారి. గుమ్మం దగ్గర ఎంత అడిగినా ఇవ్వాల్సిందే. ఇరవై కంపెనీలు ఉంటే ఇరవై గుమ్మాలు ఉంటాయి, ప్రతి గుమ్మం దగ్గరా గుత్తాధిపత్యమే. కంపెనీలు పెరిగితే ఈ ధర తగ్గదు. ఎవరో ఒకరు లెక్కకట్టి, ఇంతే అని చెప్పాలి. 2009లో 20 పైసలు, 2015లో 14, 2017 అక్టోబరు 1 నుంచి 6, చివరికి 2021 జనవరి 1 నుంచి సున్నా. తగ్గించిన ప్రతిసారీ పాత కంపెనీలు అన్యాయమన్నాయి, కొత్తగా వచ్చిన కంపెనీలు ఆలస్యమన్నాయి. కాల్స్ ఎక్కువగా బయటికి పోయే కంపెనీకి అది ఖర్చు, ఎక్కువగా లోపలికి వచ్చే కంపెనీకి అది రాబడి.

2019లో ఆరు పైసల కోసం ఏం జరిగిందో గుర్తుచేస్తాను. ఫోను మోగే వ్యవధిని కంపెనీలు పోటాపోటీగా కుదించాయి. కొన్నిచోట్ల అది ఇరవై, పాతిక సెకన్లకు దిగింది. మోగి ఆగిపోతే అవతలివాళ్లు తిరిగి చేస్తారు. అప్పుడు కాల్ అటు నుంచి మొదలవుతుంది, ఆరు పైసలు ఇటు వస్తాయి. వంటింట్లో నుంచి వచ్చేలోపు ఫోను ఆగిపోతోందని మా అమ్మ విసుక్కునేది. తన మోకాళ్లు నెమ్మదించాయనే అనుకుంది పాపం. ఆ నవంబరులో ట్రాయ్ మొబైల్‌కు 30 సెకన్లు, ల్యాండ్‌లైన్‌కు 60 సెకన్లు మోగాలని ఆదేశించింది. ఒక నియంత్రణ సంస్థ ఫోను ఎన్ని సెకన్లు మోగాలో కూడా చెప్పాలా అని అప్పట్లో కొందరు పెదవి విరిచారు. చెప్పాలి. మా అమ్మ ఫోను ఎత్తగలగడం ఆ సెకన్ల మీదే ఆధారపడింది.

ఇప్పుడు 2016కు వెళదాం. సెప్టెంబరు 5న జియో మొదలైంది, మాట ఉచితం అంది. కొత్త కంపెనీ ఖాతాదారు పాత కంపెనీ ఖాతాదారుకు ఫోను చేయాలంటే రెండు నెట్‌వర్క్‌ల మధ్య పోర్టులు కావాలి. పాయింట్ ఆఫ్ ఇంటర్‌కనెక్షన్ అంటారు. మాస్టారి చట్రం మీది జంపర్ తీగకు ఈ కాలపు రూపం అది. అక్కడ రద్దీ వల్ల వెయ్యి కాల్స్‌లో అయిదుకు మించి విఫలం కాకూడదన్నది ట్రాయ్ ప్రమాణం. ఆ నెలల్లో వందకు డెబ్బై అయిదుకు పైగా విఫలమవుతున్నాయని జియో ఫిర్యాదు. ఉచితమని చెప్పి ఉప్పెనలా కాల్స్ వదిలితే మా నెట్‌వర్క్ ఎలా మోస్తుందని పాత కంపెనీల జవాబు. జవాబులో కొంత నిజముంది. అయినా అడిగిన పోర్టులు ఇవ్వకుండా ఆపడానికి ఆ నిజం చాలదని నా అభిప్రాయం. అక్టోబరులో ట్రాయ్ ఒక్కో సర్కిల్‌కు, అంటే ఒక్కో లైసెన్సు ప్రాంతానికి, 50 కోట్ల చొప్పున ఎయిర్‌టెల్, వొడాఫోన్, ఐడియాలకు కలిపి 3,050 కోట్ల జరిమానా సిఫారసు చేసింది.

సిఫారసు మాత్రమే చేయగలిగింది. వేసే అధికారం దానికి లేదు, టెలికం శాఖకు ఉంది. ఆ శాఖ నోటీసులు పంపింది 2021లో. ఈలోగా కాంపిటీషన్ కమిషన్ ఈ కంపెనీలు కుమ్మక్కయ్యాయా అని విచారణకు దిగితే, ముందు ట్రాయ్ తన పరిధిలోని అంశాలు తేల్చాలి, తర్వాతే మీరు అని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో చెప్పింది. అదే నెలలో, పోటీదారును దెబ్బతీసేంత తక్కువకు అమ్మడం ఎప్పుడు తప్పవుతుందో నిర్వచిస్తూ ట్రాయ్ చేసిన నియమాలను టీడీశాట్ కొట్టేసింది. అంతకుముందు 2016 మేలో, కాల్ డ్రాప్‌కు రూపాయి చొప్పున పరిహారం ఇవ్వాలన్న నియమాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. ప్రతి తీర్పుకూ దాని న్యాయం దానికి ఉండవచ్చు. జాయింటు తడిసిందని ఫిర్యాదు వచ్చిన రోజే లైన్‌మన్‌ను పంపేవారు మాస్టారు. ఇక్కడ అయిదేళ్లు పట్టింది. ఆ అయిదేళ్లలో ఎయిర్‌సెల్, ఆర్‌కామ్ దివాలా తీశాయి, టెలినార్ ఎయిర్‌టెల్‌లో కలిసింది, టాటాల మొబైల్ వ్యాపారమూ అందులోకే వెళ్లింది, 2018 ఆగస్టు 31న వొడాఫోన్, ఐడియా ఒకటయ్యాయి. నోటీసు అందేనాటికి బరిలో జట్లే మారిపోయాయి.

ఏజీఆర్, అంటే లైసెన్సు రుసుము లెక్కకు తీసుకునే ఆదాయం, దాని గొడవ అందరికీ తెలిసిందే, క్లుప్తంగా చెబుతాను. 1999లో స్థిరమైన లైసెన్సు రుసుము బదులు ఆదాయంలో వాటా ఇమ్మన్నారు. మంచి మార్పే. ఆదాయం అంటే ఏమిటన్నదే తెగలేదు. 2019 అక్టోబరు 24న సుప్రీంకోర్టు ప్రభుత్వ నిర్వచనాన్ని సమర్థించింది. లైసెన్సు రుసుము బకాయిల్లో సుమారు మూడు వంతులు వడ్డీ, జరిమానా, జరిమానా మీద వడ్డీ. అసలు ఒక్క వంతే. ఆ బరువుతో కుంగిన కంపెనీని నిలబెట్టడానికి ప్రభుత్వం బకాయిలను వాటాలుగా మార్చుకుంది. 2025 ఏప్రిల్ నాటికి వొడాఫోన్ ఐడియాలో దాదాపు 49 శాతం కేంద్రానిది. బీఎస్‌ఎన్‌ఎల్ పూర్తిగా కేంద్రానిదే. స్పెక్ట్రమ్ అమ్మేదీ, లైసెన్సు ఇచ్చేదీ, జరిమానా వేసేదీ కేంద్రమే. 2000లో కష్టపడి విడదీసిన రెండు పాత్రలు పాతికేళ్లకు మళ్లీ ఒకే మనిషి భుజం మీదికి వచ్చాయి. మూడో కంపెనీ బతకడం అవసరమే, దాన్ని బతికించడాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ వాటాలు ఉన్నంతకాలం జరిమానాల అధికారం టెలికం శాఖ చేతిలో ఉండకూడదు. అది ట్రాయ్‌కు రావాలి.

బరిలో కంపెనీలు తగ్గిన ఫలితం జేబులో కనిపిస్తోంది. 2024 జులైలో మూడు ప్రైవేటు కంపెనీలూ కొద్ది రోజుల తేడాలో ధరలు పెంచాయి. మాట కోసం మాత్రమే ఫోను వాడే మనిషి కూడా డేటా కలిసిన ప్యాక్ కొనాల్సిన స్థితి ఉండేది. మాస్టారి భార్య, మా అత్తయ్యగారు, బటన్ల ఫోనే వాడతారు. ఇంటర్నెట్ ఆవిడకు అక్కర్లేదు. ప్రతిసారీ రీచార్జ్ చేయించే మనవడు, ఆ డేటా ఎవరికమ్మమ్మా అని అడిగేవాడు. 2024 డిసెంబరులో ట్రాయ్ మాటకు, ఎస్సెమ్మెస్‌కు మాత్రమే వేరుగా ప్యాక్ ఉండి తీరాలని నియమం చేసింది. మంచి పని.

ఇంటర్నెట్‌లో కూడా స్ట్రౌజర్ నాటి ప్రశ్న మళ్లీ ఎదురైంది. కొన్ని సైట్లు ఉచితం, మిగతావాటికి డబ్బు అని కంపెనీ నిర్ణయించవచ్చా? 2015లో అలా కూడదంటూ పది లక్షలకు పైగా ఈమెయిళ్లు ట్రాయ్‌కు వెళ్లాయి. 2016 ఫిబ్రవరి 8న, ఏం చూస్తున్నారన్నదాన్ని బట్టి డేటా ధర మార్చకూడదని ట్రాయ్ నిషేధం పెట్టింది. ఆ సంస్థ చేసిన పనుల్లో అన్నిటికన్నా గర్వించదగ్గది నా దృష్టిలో ఇదే.

మనకు దగ్గరి సంగతి ఒకటి. 2014లో రాష్ట్రం రెండైనా టెలికం లైసెన్సు లెక్కలో ఆంధ్రప్రదేశ్ సర్కిల్ ఒకటిగానే ఉంది. 2024 స్పెక్ట్రమ్ వేలం కూడా అలాగే జరిగింది. గాలిలో ఒకటే సర్కిల్ గానీ, నేల మీద స్తంభాలు మాత్రం రెండు ప్రభుత్వాలవి. ఇంటికి వచ్చే బ్రాడ్‌బ్యాండ్ ఆ స్తంభాల మీదే నడుస్తుంది.

ఈ బ్రాడ్‌బ్యాండ్ విషయంలో మనం ఒక అవకాశం పోగొట్టుకున్నాం. 2004లో బీఎస్‌ఎన్‌ఎల్ రాగి తీగలను ఇతర కంపెనీలకూ అద్దెకివ్వాలని ట్రాయ్ సిఫారసు చేసింది. అదే ఏడాది వచ్చిన బ్రాడ్‌బ్యాండ్ విధానం దాన్ని తప్పనిసరి చేయలేదు, మీలో మీరు ఒప్పందం చేసుకోండంది. ఒప్పందాలు జరగలేదు. ఆనాడు 256 కేబీపీఎస్ వస్తే బ్రాడ్‌బ్యాండ్ అన్నారు. తర్వాత 512, 2023 నుంచి 2 ఎంబీపీఎస్. ఊళ్లలో ఉన్న తీగ అందరికీ తెరిచి ఉంటే వీధివీధికీ చిన్న కంపెనీలు వచ్చేవని నా నమ్మకం. ఆ రాగి ఇంకెవరికీ పనికిరాకుండానే పాతబడింది. వీధుల్లోకి మొదట వెళ్లింది కేబుల్ టీవీ ఆయన. ఆయన తీగకు స్తంభమే ఆధారం.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ సంగతి గ్రహించింది. ఏపీ ఫైబర్‌నెట్ కేబుల్ తవ్వకాలు మానేసి కరెంటు స్తంభాల మీదుగా వేసింది, 149 రూపాయలకు టీవీ, ఫోను, ఇంటర్నెట్ ఇస్తామంది, చివరి గజం కేబుల్ ఆపరేటర్లకే వదిలింది. ఆలోచన నాకు ఇప్పటికీ నచ్చుతుంది. ప్రభుత్వం వేసిన దారిలో ఎవరి బండి అయినా నడవాలి. ఆ దారి అద్దె షరతులు అందరికీ ఒకేలా రాసి బయటపెట్టి ఉంటే ఇంకా బలంగా నిలిచేది.

హైదరాబాద్‌లో 2025 ఆగస్టులో, రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ప్రాణాలు పోయాయి. తర్వాత విద్యుత్ సిబ్బంది స్తంభాల మీది కేబుళ్లు కత్తిరించారు. వేల ఇళ్లలో ఇంటర్నెట్ ఆగింది. తగాదా హైకోర్టుకు చేరింది. ప్రాణాలు ముందు, ఇంటర్నెట్ తర్వాత, అందులో నాకు సందేహం లేదు. కానీ ఏ కేబుల్ ఎవరిది, ఏది అనుమతి ఉన్నది, ఏది ఎన్నడో చచ్చిపోయి వేలాడుతున్నది అని కత్తెర పట్టుకున్న మనిషికి ఎలా తెలుస్తుంది?

అపార్ట్‌మెంట్లలో ఇంకో తలుపు. మేమున్న చోట బిల్డరు ఒకే కంపెనీతో ఒప్పందం చేసుకుని పైపులన్నీ దానికే అప్పగించాడు. మూడేళ్లు మరో కంపెనీ వైరు లోపలికి రాలేదు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రభుత్వ స్థలాల్లో తీగ వేసే హక్కును వివక్ష లేకుండా ఇవ్వాలంటోంది. ఆ సూత్రం అపార్ట్‌మెంటు మెట్ల కింది పైపుకూ రావాలి.

ఈ సభకు వస్తూ మాస్టారి వీధి మలుపులో స్తంభం దగ్గర ఆగి లెక్కపెట్టాను. పదకొండు కేబుళ్లున్నాయి. ఒక్కదానికి చీటీ కట్టి ఉంది, ఎండకు అక్షరాలు పోయాయి. రెండు రాష్ట్రాల విద్యుత్ నియంత్రణ మండళ్లకూ, ట్రాయ్‌కూ ఈ వేదిక మీద నుంచి నేను అడిగేది ఇదే. స్తంభానికో నంబరు, నంబరుకో రిజిస్టరు. దాని మీద ఎవరెవరి కేబుల్ ఉంది, ఎంత అద్దె కడుతున్నారు, ఇంకెందరికి చోటుంది అన్నది ఎవరైనా చూసుకునేలా రాసిపెట్టండి. అడిగినవాళ్లకు అదే అద్దెకు ఇన్ని రోజుల్లో చోటివ్వాలని గడువు పెట్టండి. మాస్టారు వేల జతలకు ఆ పని పెన్సిలుతో చేశారు.